ప్రేరణకు పూచీ ఎవరు?

వర్గీస్ కురియన్ ఇవాళ పాతికేళ్ళ కుర్రాడై ఉండి, ఏ సోషల్ ఆంత్రప్రెన్యూర్ ఫెలోషిప్పుకో దరఖాస్తు పెట్టుకుంటే మొదటి వడపోతలోనే పోతాడు.

'ఈ రంగంలోకి రావడానికి మీకు ప్రేరణ ఏమిటి?' అని అడుగుతారు. 'సర్కారు బాండండీ' అంటాడు. సర్కారు ఖర్చుతో అమెరికా వెళ్ళి చదువుకొచ్చినందుకు, చెప్పినచోట పనిచేస్తానని రాసిచ్చిన కాగితం అది. ఆ కాగితం మెడకు చుట్టుకునే 1949 మే నెలలో గుజరాత్‌లోని ఆనంద్ అనే ఊళ్ళో దిగాడాయన. ఉండటానికి ఇల్లు దొరక్క గ్యారేజీలో మకాం పెట్టాడు. బాండు ఎప్పుడు తీరుతుందా, ఈ ఊరి పీడ ఎప్పుడు వదులుతుందా అని ఎదురుచూశాడు. 'పాడి రైతుల మీద మీకున్న మమకారం గురించి రెండు ముక్కలు చెప్పండి' అంటారు ప్యానెల్ వారు. మమకారం సంగతి అలా ఉంచండి, నేను పాలే తాగను అంటాడు. నిజంగానే తాగేవాడు కాదు. 'పోనీ, చిన్నతనంలో మీ మనసును కదిలించిన గేదె ఏదైనా...' అని ప్యానెల్లో ఒక జాలిగుండె అందించబోతుంది. అదీ లేదు. సరే, మీకు మెయిల్ పెడతాం అంటారు. ఆ మెయిల్ రాదు.

మనసులో ఏ మహత్తర సంకల్పమూ లేకుండా వచ్చిన ఆ మనిషి తర్వాత ఏం చేశాడో దేశానికి తెలుసు. ఏ ఏర్పాటులో ఉండి చేశాడన్నది మాత్రం ప్రేరణోపన్యాసాల్లో ఎక్కడా వినపడదు. 1946లో పుట్టిన కైరా జిల్లా పాల సంఘానికి యజమానులు పాలు పోసే రైతులు. అధ్యక్షుడు త్రిభువన్‌దాస్ పటేల్ వాళ్ళు ఎన్నుకున్న మనిషి. కురియన్ వాళ్ళ జీతగాడు. రైతుల మీద ఆయనకు ప్రేమ ఉందా లేదా అని పొద్దున్నే క్యాన్ పట్టుకుని వచ్చిన ఏ రైతూ అడగలేదు. పాలు కొలిచారా, వెన్న శాతం సరిగ్గా రాశారా, డబ్బులు చేతిలో పడ్డాయా అన్నదే అడిగాడు.

ఇవాళ్టి పద్ధతి వేరు. పనికంటే ముందు కథ పుట్టాలి. ఆ కథకు ఒక పాకం ఉంది. పెద్ద చదువు, పెద్ద ఉద్యోగం, ఏసీ గది, ఆ గదిలో ఏదో తెలియని వెలితి. ఒక సెలవుల్లో పల్లెటూరి ప్రయాణం. అక్కడొక ఆడమనిషి తప్పనిసరి. ముసలిదైతే మంచిది, బక్కచిక్కినదైతే మరీ మంచిది, చంకలో పిల్లాడుంటే నిధులు ఖాయం. ఆమె ఒకే ఒక్క ప్రశ్న అడగాలి. ఆ ప్రశ్నకు మన కథానాయకుడి కళ్ళు చెమర్చాలి, మర్నాడు రాజీనామా పత్రం పడాలి. ఇక్కడ ఒక మెలకువ పాటించాలి: ఆ ఆడమనిషి పేరు ఎవరికీ తెలియకూడదు. తెలిస్తే ఎవడో పనిలేనివాడు ఆ ఊరు వెళ్ళి, 'ఆ తర్వాత నీకేమైందమ్మా' అని అడిగే ప్రమాదం ఉంది.

ఈ కథలు వినడానికి ఒక వ్యవస్థ కూడా ఉంది. 1980లో బిల్ డ్రేటన్ 'అశోక' సంస్థ పెట్టినప్పటినుంచి, లోకాన్ని మార్చే ఒంటరి వీరుణ్ణి వెతికి పట్టుకోవడం ఒక వృత్తి అయింది. తర్వాత స్కోల్ ఫౌండేషన్ వచ్చింది, దావోస్ పెద్దల ష్వాబ్ ఫౌండేషన్ వచ్చింది. అశోక వారి ఎంపిక కొలమానాల్లో 'నైతిక దృఢత్వం' ఒకటి. వడ్లలో తేమ ఎంతుందో చెప్పడానికి మార్కెట్ యార్డులో మిషనుంటుంది. మనిషిలో నీతి ఎంతుందో చెప్పడానికి మాత్రం నలుగురు పెద్దమనుషులు కళ్ళలోకి చూస్తే సరిపోతుందట.

దూరం ఎందుకు, మన మెతుకుసీమకే పోదాం.

విక్రమ్ ఆకుల తెలుగువాళ్ళ ఇంట పుట్టి అమెరికాలో పెరిగాడు. 1990ల్లో జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో పనిచేస్తుండగా ఒక పేదరాలు వచ్చి, మా ఊరికీ అప్పులివ్వండని అడిగిందట. ప్రాజెక్టు డబ్బు అయిపోయింది, కుదరదన్నారట. నేను మాత్రం పేదదాన్ని కానా అన్న అర్థం వచ్చేలా ఆమె అడిగిన మాట తన జీవితాన్ని మలుపు తిప్పిందని ఆయన ఎన్నో వేదికల మీద చెప్పాడు, పుస్తకంలో రాశాడు. ఆ కథ అబద్ధమని నేను అనను. నిజమే అయ్యుంటుంది. ఆయన షికాగోలో డాక్టరేట్, మెకిన్సీలో ఉద్యోగం అందుకోగలిగినవాడు, సుఖపడే దారులు చాలా ఉండి కూడా నారాయణఖేడ్ వచ్చి 1990ల చివర స్వయం కృషి సంగం (ఎస్‌కేఎస్) పెట్టాడు. అది చిన్న సంగతి కాదు. గొడవంతా ఏమిటంటే, ఆ నిజమైన కథకు కంపెనీ లెక్కల పుస్తకంలో ఎక్కడా ఖాతా లేదు.

దాతల డబ్బుతో మొదలైన సంస్థ 2005లో లాభాల కంపెనీ అయింది. దాతల దగ్గర చెయ్యిచాచి ఎంతమందికని అప్పులిస్తాం, పేదరికం అంత పెద్దదైనప్పుడు పెట్టుబడి కూడా అంత పెద్దది కావాలి కదా అన్నది వాదన. వాదనలో బలముంది. దానికి తగ్గట్టే సెకోయా క్యాపిటల్ వచ్చింది, వినోద్ ఖోస్లా వచ్చాడు. 2006లో టైమ్ పత్రిక ఆకులను ప్రపంచంలోని వందమంది ప్రభావశీలుర్లో ఒకరిగా ఎంచింది. అదే ఏడాది మహమ్మద్ యూనస్‌కు, గ్రామీణ్ బ్యాంకుకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. సరిగ్గా అదే ఏడాది కృష్ణా జిల్లాలో అధికారులు వేరే మైక్రోఫైనాన్స్ కంపెనీల బ్రాంచీలు యాభై వరకు మూయించారు: వసూళ్ళ తీరు మీద, వడ్డీల మీద ఫిర్యాదులు వచ్చాయని. ఓస్లోకూ బెజవాడకూ మధ్య ఎవరూ ఫోను చేసుకున్నట్టు లేదు.

ఇక ఆ కంపెనీలో పేదలకు వాటా లేదా? ఉంది, ఒప్పుకోవాలి. దాతలిచ్చిన డబ్బుతో సభ్యురాళ్ళ పేరిట మ్యూచువల్ బెనిఫిట్ ట్రస్టులు పెట్టి, ఆ ట్రస్టుల పేరుమీద షేర్లు కొన్నారు. సభ్యురాలికి ట్రస్టు ఉంది, ట్రస్టుకు షేరు ఉంది, షేరుకు ధర ఉంది. సభ్యురాలికి ఆ ధర ఉందా అంటే, అది ధర్మసూక్ష్మం. 2010లో ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఎం.ఎస్. శ్రీరామ్ అనే ప్రొఫెసర్ ఇలాంటి ఏర్పాట్లన్నీ విప్పి చూపించి, రాజుగారి కొత్త బట్టల గురించి అడిగినట్టే అడిగాడు. ఆ వ్యాసాన్ని ఏ అవార్డు ఫంక్షన్‌లోనూ చదివినట్టు లేదు.

అప్పటికి దాదాపు 70 లక్షల మంది ఆడవాళ్ళు ఆ కంపెనీ సభ్యులు. 2010 జులై చివర ఐపీఓ తెరిచారు. షేరు 985 రూపాయలు. పదమూడు రెట్లకు పైగా ఎగబడ్డారు. సుమారు 1,650 కోట్లు వచ్చాయి. పేదల అప్పులకోసం వచ్చిన డబ్బు కదా అనుకుంటాం. అమ్మిన షేర్లలో సగానికి పైగా పాత పెట్టుబడిదారులు అమ్ముకున్నవి. ఆ డబ్బు కంపెనీ గడప తొక్కకుండానే వాళ్ళ జేబుల్లోకి పోయింది. స్థాపకుడు అంతకు ముందే తన షేర్లలో కొన్ని ప్రైవేటుగా అమ్ముకున్నాడు. చట్టం ప్రకారం తప్పేమీ లేదు. సెప్టెంబరులో షేరు 1,400 దాటింది. ఆ నెలలోనే న్యూయార్క్‌లో యూనస్, ఆకుల ఒకే వేదిక ఎక్కి వాదించుకున్నారు. పేదలమీద లాభం చేసుకోవడం తప్పని గురువు, మార్కెట్ డబ్బు లేకుండా కోట్లమందిని చేరలేమని శిష్యుడు. ఇద్దరి ప్రేరణనూ సభ మెచ్చుకుంది. అప్పు తీసుకున్న మనిషి ఆ సభలో లేదు; ఆమెకు ఆ టైముకి సెంటర్ మీటింగ్ ఉంటుంది.

సెంటర్ మీటింగ్ సంగతి చెప్పుకోకపోతే ప్రేరణ గురించి ఏమీ చెప్పుకోనట్టే. పొద్దున్నే ఏడింటికి ఎవరింటి ముందో చాప పరుస్తారు. అయిదుగురి గ్రూపులు వరసలుగా కూచోవాలి. ముందు ప్రతిజ్ఞ చదవాలి. తర్వాత లోనాఫీసర్ కిస్తీలు లెక్కపెట్టుకుంటాడు. ఆస్తి తాకట్టు అక్కర్లేదు, అదే ఈ పద్ధతి గొప్ప. తాకట్టుకు బదులు పక్కింటి ఆమె మాటే పూచీ. ఒకామె కట్టలేకపోతే మిగతా నలుగురూ వేసుకుని కట్టాలి. కట్టేదాకా కదలడానికి లేదు. కూలికి టైమైనా, బడికెళ్ళే పిల్లలకు అన్నం వండకపోయినా చాప మీదే. ఆమె ఇంటికెళ్ళి తలుపు కొట్టేది, నాలుగు మాటలు అనేది కంపెనీవాడు కానక్కర్లేదు. నిన్నటిదాకా చింతపండు బదులిచ్చిన స్నేహితురాలే ఆ పని చేస్తుంది. ఇంత చవకగా వసూలు చేసే యంత్రాన్ని ఏ వడ్డీవ్యాపారీ కనిపెట్టలేకపోయాడు.

లెక్క కూడా చూడండి. పదివేల అప్పుకు వారానికి 225 చొప్పున 50 వారాలు కట్టించారనుకుందాం. మొత్తం 11,250. 'పన్నెండున్నర శాతమేనమ్మా' అంటాడు లోనాఫీసర్. కానీ మొదటి వారంనుంచే అసలు తరుగుతూ పోతుంది కాబట్టి ఏడాది పొడుగునా సగటున ఆమె చేతిలో ఉన్నది అయిదువేల చిల్లరే. ఆ చిల్లరకు కట్టిన వడ్డీగా లెక్కవేస్తే 24 శాతం దాటుతుంది. నూటికి మూడు రూపాయలు, అయిదు రూపాయలు లాగే ఊరి షావుకారు కంటే ఇది తక్కువే కదా అంటారు. తక్కువే. అయితే ఊరి షావుకారు ఏనాడూ దావోస్ పోలేదు, పేదరికాన్ని నిర్మూలిస్తున్నానని పుస్తకం రాయలేదు.

పై మెట్టు మీద ఉన్న మహాప్రేరణ కిందికి దిగుతూ దిగుతూ ఏమవుతుందో ఈ లోనాఫీసర్‌ని చూస్తే తెలుస్తుంది. ఇంటర్‌తోనో డిగ్రీతోనో ఆగిపోయిన పల్లెటూరి కుర్రాడు, చేతిలో బైకు, జేబులో టార్గెట్. స్థాపకుడి దగ్గర అది 'దార్శనికత'. బోర్డు దగ్గరికొచ్చేసరికి 'వృద్ధి'. రీజనల్ మేనేజర్ దగ్గర ఎక్సెల్ షీటు. ఈ కుర్రాడి దగ్గర ఇన్ని కొత్త అప్పులు ఇస్తే ఇంత, ఒక్క కిస్తీ మిగిలినా నీ పని చెప్తా. వాడికి ఆ పేదరాలి కథ ఎవరూ చెప్పలేదు, చెప్పినా తీరిక లేదు. పక్క కంపెనీ కుర్రాడు అదే వాకిట్లో అదే ఆడవాళ్ళకు అప్పు అంటగడుతున్నాడు. ఒక సంఘం కిస్తీకోసం ఇంకో సంఘంలో చేరడం, దాని కిస్తీకోసం మూడోదాన్లో చేరడం మామూలైపోయింది. పేదలు అప్పు ఎగ్గొట్టరని, నూటికి తొంభైతొమ్మిది మంది కట్టేస్తారని సదస్సుల్లో చప్పట్లు మోగాయి. ఎందుకు కట్టేస్తున్నారో అడిగితే చప్పట్లు ఆగేవి.

2010 అక్టోబరులో ఆగాయి. అప్పుల ఒత్తిడితో ఆత్మహత్యలని పత్రికలు రాస్తూ వచ్చాయి, ప్రభుత్వం జాబితా బయటపెట్టింది, కంపెనీలు మాకు సంబంధం లేదన్నాయి. 2012 ఫిబ్రవరిలో అసోసియేటెడ్ ప్రెస్ మరో సంగతి రాసింది: ఎస్‌కేఎస్ కోసం జరిగిన విచారణ నివేదికలే కొన్ని మరణాలతో సిబ్బందికి సంబంధం చూపించాయని. కంపెనీ కాదన్నది. ఆ మరణాల్లో ఎన్నిటికి ఎవరు కారణమో ఈ వ్యాసం తేల్చలేదు. చనిపోయినవాళ్ళు ఎవరి ప్రేరణ కథలోనూ పాత్రలు కారు, అదొక్కటే తేలుతుంది.

రోశయ్య ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఇంటికెళ్ళి వసూలు చేయకూడదు, పంచాయతీ ఆఫీసులాంటి చోట కూచుని నెలకోసారే తీసుకోవాలి, వడ్డీ అసలును మించకూడదు, జిల్లాలో రిజిస్టర్ చేసుకోవాలి. బాగుంది. సర్కారువారికీ ఒక ప్రేరణ ఉందని మరిచిపోవద్దు. డ్వాక్రా సంఘాలూ పావలా వడ్డీ ఓట్లూ వాళ్ళవి, పొలంలో పోటీదారు దిగితే ఏ ఆసామీకైనా కడుపు మండుతుంది. పాలకపక్షం, ప్రతిపక్షం పోటీలు పడి పేదల మీద జాలి కురిపించాయి. కిస్తీలు ఆగిపోయాయి. రాష్ట్రంలో 7,000 కోట్లకు పైగా ఇరుక్కుపోయిందని పరిశ్రమ గగ్గోలు పెట్టింది. తర్వాత అవసరానికి అప్పు పుట్టక అదే ఆడవాళ్ళు మళ్ళీ షావుకారు గుమ్మం ఎక్కారు. ఆ గుమ్మం దగ్గర ఏ పార్టీ జెండా కనపడలేదు.

ఐపీఓ అయిన రెండు నెలలకే కంపెనీ సీఈఓ సురేశ్ గురుమణిని బోర్డు సాగనంపింది. 2011 నవంబరులో ఆకుల కూడా తప్పుకున్నాడు. అప్పటికి షేరు వంద రూపాయల చుట్టుపక్కల తిరుగుతోంది. 2016లో కంపెనీ పేరు మార్చుకుంది, 2019లో ఇండస్ఇండ్ బ్యాంకులో కలిసిపోయింది. ఆయన పుస్తకాలు మాత్రం రెండూ దొరుకుతాయి. 2010లో 'పిడికెడు బియ్యం' అన్న అర్థం వచ్చే పేరుతో, లాభంతో పేదరికాన్ని అంతం చేసే ప్రయాణం గురించి ఒకటి. కుప్పకూలి మళ్ళీ లేచిన వైనం గురించి తర్వాత ఇంకొకటి. ఎక్కడానికొక పుస్తకం, దిగడానికొక పుస్తకం. మన రంగంలో నాయకుడు నష్టపోయినా అనుభవం మిగులుతుంది, ఆ అనుభవానికి ప్రసంగ రుసుము ఉంటుంది. కిస్తీ తప్పిన ఆడమనిషికి మిగిలిన అనుభవాన్ని క్రెడిట్ బ్యూరోలో రాసిపెడతారు.

ఇంత చెప్పి ఆకుల చెడ్డవాడని తేల్చేస్తే మళ్ళీ అదే తప్పులో కాలేసినట్టు. గుండె మంచిదా కాదా అని చూసి అవార్డులిచ్చిన పెద్దమనుషులే, తేడా రాగానే మళ్ళీ ఆ గుండెనే పరీక్షకు పంపారు: దురాశ ఎప్పుడు పుట్టింది, దారి ఎక్కడ తప్పాడు అని. ఆ 70 లక్షల మందికి ఆయన్ని ఉంచే హక్కు ఉందా, దించే హక్కు ఉందా అని అడిగినవాళ్ళు తక్కువ. ఆయన్ను ఎక్కించింది పెట్టుబడి, దించిందీ పెట్టుబడే. సభ్యురాళ్ళకు ఆ కబురు చేరినా చేరకపోయినా పెద్ద తేడా లేదు.

కురియన్‌ని మాత్రం దించారు. 2006 మార్చిలో, ఎనభై నాలుగేళ్ళ వయసులో, జిల్లా సంఘాల వాళ్ళు ఎదురుతిరిగితే గుజరాత్ పాల సమాఖ్య అధ్యక్ష పదవికి రాజీనామా చేసి వెళ్ళాడు. దాంట్లో రాజకీయం ఉంది, కృతఘ్నత ఉంది, ఆయన మొండితనమూ ఉంది. అంత పెద్దాయన్ని అలా పంపుతారా అని చాలామంది బాధపడ్డారు, నాకూ బాధగానే ఉంటుంది. అయినా పంపగలిగారు. ఆ పాటి తాళంచెవి నారాయణఖేడ్ ఆడవాళ్ళ కొంగున ఎవరూ ముడివేయలేదు.

ముల్కనూరులో ముడివేశారు. అక్కడ 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి పరపతి సంఘం పెట్టించాడు. 2000లో అదే నేలమీద మహిళా స్వకృషి డెయిరీ వచ్చింది. పాలు పోసే ఆడవాళ్ళే సభ్యులు, వాళ్ళే పాలకవర్గాన్ని ఎన్నుకుంటారు. దానికి ఐపీఓ లేదు, అందుకని అంత గ్లామరూ లేదు. ప్రేరణ ఏమిటని అడిగితే ఇంట్లో గేదె ఉందంటారు.

ఈలోగా కొత్త బ్యాచ్ తయారైంది. ఇంపాక్ట్ ఫండ్లు, డెమో డేలు, మూడు నిమిషాల్లో కన్నీళ్ళు తెప్పించే పిచ్. 2022 ఏప్రిల్‌నుంచి రిజర్వు బ్యాంకు మైక్రో రుణాల మీద వడ్డీ పరిమితి ఎత్తేసింది, మీ మనస్సాక్షి ప్రకారం నడుచుకోండన్న ధోరణిలో. 2024 అక్టోబరుకల్లా ఆ మనస్సాక్షి వడ్డీలు చూసి బెదిరిపోయి, మైక్రోఫైనాన్స్ కంపెనీలు సహా నాలుగు సంస్థలను కొత్త అప్పులివ్వకుండా ఆపింది.

అందుకని ఫెలోషిప్పుల వారికి ఒక మనవి. పేదలకు పనికొచ్చిన పద్ధతి నాయకులకూ పనికిరావాలి. 'మీ ప్రేరణ ఏమిటి' అన్న గడి కొట్టేసి, 'మీకు పూచీ ఎవరు' అని రాయండి. స్థాపకుల్ని అయిదుగురేసి గ్రూపులు కట్టండి. వారానికోసారి పొద్దున ఏడింటికి నారాయణఖేడ్‌లోనో నూజివీడులోనో చాప పరిచి, అప్పు తీసుకున్న ఆడవాళ్ళని ఎదురుగా కుర్చీల్లో కూచోబెట్టండి. ముందు ప్రతిజ్ఞ. ఆ తర్వాత ఎన్ని షేర్లు అమ్మారు, ఎవరికి అమ్మారు, జీతమెంత పెంచుకున్నారు, పాస్‌బుక్ తీసి చూపించాలి. అయిదుగురిలో ఒకడు వాటా అమ్ముకుని అమెరికా విమానం ఎక్కేశాడనుకోండి, మిగతా నలుగురూ ఆ లెక్క తేలేదాకా చాప మీదనుంచి లేవకూడదు. మధ్యాహ్నం వాళ్ళకు దావోస్ కాల్ ఉన్నా సరే.